నీళ్లు తాగిన చీల

పద్నాలుగో భాగం

రాజలింగు ఆ ఫొటోను ఇంకా కింద పెట్టలేదు. పొద్దున లేచి మొహం కడుక్కున్నాడు, చాయ్ తాగాడు, బీడీ కాల్చాడు, అన్నీ ఒక్క చేత్తోనే. రెండో చేతిలో ఫొటో ఉంది.

నాగవ్వ వంటింట్లో గిన్నెల మీద కసి తీర్చుకుంటోంది. ఫొటోల గొడవ ఏమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మధ్యాహ్నం మూడింటికి కరీంనగర్ కాలేజీలో తన బిడ్డకు సన్మానం. పదకొండు గంటల బస్సు అందుకోవాలి. ఇంట్లో చూస్తే తండ్రీ బిడ్డలు నిన్న సాయంత్రం నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"మీ బాపును తానం చెయ్యమను," అంది పొయ్యి వైపు తిరిగి.

"నువ్వే చెప్పవ్వా."

"నేను చెప్తే ఇంటడా? నిన్న నువ్వన్న మాటకు బువ్వ సుత తినలే."

జడ అల్లుకుంటున్న నర్మద చేతులు ఆగిపోయాయి. నిన్న తానన్న మాట ఆమెకు గుర్తుంది. అందుకు సిగ్గుగా ఉంది. కానీ ఆ సిగ్గు కంటే భయం ఎక్కువగా ఉంది. తండ్రి చెప్పింది నిజమైతే ఏడాదిగా తాను కట్టుకున్నదంతా కూలిపోతుంది.

నర్మద చేసే పని ఏమిటో గోదావరిఖనిలో చాలామందికి తెలియదు. మంచు దేశం పోయొచ్చింది అంటారు, అంతటితో సరిపెట్టుకుంటారు. అసలు సంగతి ఇది. అంటార్కిటికా నేల మీద పేరుకున్న మంచు మెల్లగా జారి, ఒడ్డు దాటి, సముద్రం మీదికి ఇంటి ముందు అరుగులా సాగుతుంది. మన అరుగు కింద మట్టి ఉంటుంది, దాని కింద నీళ్లుంటాయి. ఆ మంచు అరుగులు ఎలా పగులుతాయి, పగుళ్లలో చేరిన కరుగునీరు వాటిని ఇంకెంత లోతుకు చీలుస్తుంది, ఏ ముక్క ఎప్పుడు తెగి సముద్రంలోకి పోతుంది అన్నది ఆమె పరిశోధన. హైదరాబాదులోని సంస్థ వాళ్లు పోయిన ఏడు చివర్లో ఆమెను ఓడెక్కించారు. మనకు చలికాలమైన ఆ రోజులు అక్కడ ఎండాకాలం. నలభై రోజులు ఆమె ఒకే ఒక్క పగులు దగ్గర పని చేసి వచ్చింది.

పగులుకు ఇవతల పదకొండు వెదురు కర్రలు, అవతల సముద్రం వైపు పదకొండు. నాలుగు రోజులకోసారి ఎదురెదురు కర్రల మధ్య రొమ్మెత్తున టేపు పట్టి కొలిచింది. నలభై రోజుల్లో దూరం నాలుగు వేళ్ల వెడల్పు పెరిగింది. పగులు ఇంకా సాగుతోంది, రెండు మూడు ఎండాకాలాల్లో ఆ ముక్క తెగుతుంది, ఓడ సామాను దింపడానికి ఆ అంచు వాడకూడదు అని నివేదిక రాసింది. పేరంతా ఆ నివేదికతోనే వచ్చింది. వచ్చే నెలాఖరుకు గోవా రేవు నుంచి కదిలే ఓడలో మంచు బృందానికి నర్మదనే నాయకురాలిగా అనుకున్నారు. ఆ జాబితా సోమవారం ఢిల్లీకి పోతుంది. ఇవాళ శనివారం.

ఆ కర్రలు పాతే తీరు ఆమెకు ఏ పుస్తకమూ నేర్పలేదు. రాజలింగు నేర్పాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మలు నిలిపే పనిలో ఆయన ముప్పై ఏళ్లు గడిపాడు. బాయిలో, అంటే బొగ్గు గనిలో, కప్పు పగిలితే పగులుకు ఒక పక్క సున్నం బొట్టు, ఇంకో పక్క మసిబొట్టు పెట్టేవాళ్లు. ఏ పక్క జరిగిందో చెప్పేటప్పుడు తికమక పడకుండా ఉండేందుకు అదొక అలవాటు. నర్మద చిన్నప్పటి నుంచి ఆ కబుర్లు వింటూ పెరిగింది. మంచు మీద కూడా అదే చేసింది. ఇవతలి కర్రలను ఉత్తవే పాతి, అవతలి కర్రలకు మొదటి నుంచి మోకాలెత్తు దాకా నల్ల గొడుగు గుడ్డ చుట్టింది.

"నీ పనే ఆడ చేసొచ్చిన బాపు," అంటూ నిన్న సాయంత్రం ఫొటోలు మంచం మీద పరిచింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేం.

రాజలింగు ఒక ఫొటో దగ్గర ఆగాడు. పగులు ఒక కొసన నిలబడి పొడవునా కనిపించేలా తీసినది అది. ఎడమ పక్క ఉత్త కర్రలు, కుడి పక్క నల్లకర్రలు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నిటారు తెలియడానికి దారానికి తాళంచెవి కట్టి ఫొటో ముందు వేలాడదీసి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"గీ నల్లగుడ్డ కట్టినయి వంగినయి బిడ్డా."

ఫొటో వంకరగా తీసి ఉంటామని నర్మద నవ్వింది. ఫొటో వంకరైతే ఇవతలి కర్రలు సుత వంగాలె గద అన్నాడాయన. తర్వాత నల్లకర్రల మొదళ్లు చూపించాడు. ఒక్కోదాని చుట్టూ మంచులో గిన్నె లాంటి గుంత. ఉత్త కర్రల చుట్టూ గుంత లేదు.

"నలుపు ఎండను గుంజుకుంటది. మంచు కరిగి కర్ర వదులైంది. ఎండ ఎటు నుంచి కొడ్తది ఆడ?"

"ఉత్తరం."

"సముద్రం?"

"ఉత్తరమే."

కర్ర సముద్రం వైపు వాలితే ఇవతలి కర్రకు దూరమవుతుంది. పగులు వెంట్రుకంత పెరగకపోయినా టేపు మీద దూరం పెరుగుతుంది. ఈ లెక్క నర్మదకు తెలియడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ నిమిషంలోనే నోరు జారింది.

"మంచు ఎట్లుంటదో చూసినవా నువ్వు ఎన్నడన్న? బాయిల దిమ్మలు నిలవెట్టుడు కాదిది."

రాజలింగు అక్కడి నుంచి లేచిపోయాడు. ఫొటో మాత్రం తీసుకున్నాడు.

ఇప్పుడు ఆమె జడ సగంలో వదిలేసి వాకిట్లోకి వచ్చింది. పొద్దున నాలుగున్నర నుంచి నోటుపుస్తకం తిరగేస్తూనే ఉంది. మొదటి రోజు ప్రతి కర్రనూ మట్టపు గొట్టం పెట్టి నిటారుగా నిలిపింది. ఆ తర్వాత ఒక్క రోజూ పెట్టి చూడలేదు. ఎంత వెతికినా మళ్లీ మట్టం పెట్టిన మాట పుస్తకంలో లేదు. టేపు పట్టుకోవడానికే వేళ్లు వంగని చలిలో మట్టం ఎవరికి గుర్తుంటుంది అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ మనసు ఇంకా గందరగోళమైంది.

"సరే, వంగినయి," అంది తండ్రి పక్కన మెట్టు మీద కూర్చుంటూ. "గని నాలుగు వేళ్లు మొత్తం వంకరే అని నువ్వెట్ల అంటవ్?"

"నేను గట్ల అనలే. పగులు పెరిగిందో లేదో నీ కర్రలకు తెల్వదంటున్న."

"చెవులతోని విన్న బాపు. మధ్యానాలు కాళ్ల కింద ఉరిమేది. ఇంతింత నీళ్లగుంటలు ఒక్క దినంల పగుళ్లకు ఇంకిపోయేటివి."

"మరి గదే రాయి. విన్నది విన్నట్టు, కొలిచింది కొలిచినట్టు."

"కొలిచింది తప్పని రాస్తే ఓడల నా పేరు ఉంటదా?"

రాజలింగు బీడీ ముక్కను మెట్టుకు నలిపాడు. ఆ పేరు కోసం బిడ్డ ఎంత కష్టపడిందో ఆయనకు తెలియనిది కాదు. ఎండాకాలం సెలవుల్లో ఈడు పిల్లలంతా మామిడి తోటల వెంట తిరుగుతుంటే ఇదే మెట్టు మీద కూర్చుని చదువుకున్న పిల్ల. ఆయన గొంతు మెత్తబడింది.

"చీల అబద్ధం చెప్తది బిడ్డా. నాకెరుక."

"ఏం చీల? నీకెట్ల ఎరుక?"

ఆయన నోరు తెరిచాడు. అప్పుడే గేటు చప్పుడైంది. బంతిపూల దండ అరిటాకులో చుట్టి పట్టుకుని కనకవ్వ వచ్చింది. రాజలింగు లేచి, తువ్వాల భుజాన వేసుకుని, స్నానాల గది వైపు పోయాడు.

కనకవ్వ రెండిళ్ల అవతల ఉంటుంది, నర్మద ఆమెను పెద్దవ్వ అంటుంది. ఆమె భర్త రాజయ్య, రాజలింగు ఒకే షిఫ్టులో పని చేసేవాళ్లు. పదమూడేళ్ల కింద కప్పు కూలి రాజయ్య పోయాడు. పిల్లలు లేరు. కంపెనీ దవాఖానలో ఆయా పని ఇచ్చారు. నర్మదను ఆమె పెంచలేదు గానీ పెంచినంత పని చేసింది. కాలేజీ హాస్టలుకు పచ్చళ్లు మోసింది, నర్మద ఓడెక్కిననాడు నాగవ్వ ఏడుస్తుంటే కసిరి బువ్వ తినిపించింది.

"ఇంకా జడ కాలే? బస్సు నీ కోసం ఆగుతదా?" అంటూ ఆమె నర్మదను గుంజి కూర్చోబెట్టి జడ అందుకుంది. దండ తానే వేయాలట, నాగవ్వతో ముందే ఒప్పందమైందట. కొత్త చీర కట్టింది. ఎన్నేళ్ల తర్వాతో నవ్వు మొహంతో ఉంది.

ఈ పదమూడేళ్లలో కనకవ్వ ఇంట్లోకి వచ్చినప్పుడల్లా బాపు బయటికి పోవడం నర్మద చూస్తూనే ఉంది. వదినె అన్న మర్యాద అనుకునేది. ఇవాళ ఎందుకో అలా అనిపించలేదు.

బస్సులో ఆడవాళ్ల సీట్లు ముందున్నాయి. నాగవ్వ, కనకవ్వ అక్కడ కూర్చున్నారు. దండ కనకవ్వ ఒళ్లో ఉంది. వెనక మూడో వరుసలో కిటికీ పక్కన రాజలింగు, ఆయన పక్కన నర్మద. బస్సు పెద్దపల్లి దాటింది. బయట వరి పొట్ట మీద ఉంది. నర్మద బ్యాగు జిప్పు తెరుస్తూ మూస్తూ ఉంది. సభకు వస్తున్న సంస్థ పెద్దసార్‌తో చెప్పాలా వద్దా, చెబితే ముందే చెప్పాలా సభ అయ్యాకనా, సోమవారం దాకా ఆగితే ఏమవుతుంది. ఒక ఊరు వచ్చేసరికి చెప్పాలనుకునేది, ఇంకో ఊరు వచ్చేసరికి మానుకునేది.

"పొద్దుగాల అడిగినవ్ గద, ఎట్ల ఎరుకని," అన్నాడు రాజలింగు, కిటికీలోంచి చూస్తూనే. ఇంజను చప్పుడులో మాట ఆమె ఒక్కదానికే వినపడింది.

కప్పు పగులులో చెక్కచీల కొట్టి పెట్టడం బాయిలో పాత పద్ధతి. రోజూ పని మొదలయ్యే ముందు దాన్ని తట్టి చూస్తారు. చీల బిగువుగా ఉంటే పగులు కదలలేదన్నట్టు. వదులైనా, ఊడిపడినా పగులు పెరిగినట్టు, అందరూ బయటికి రావాలి. దాంతోపాటు కర్రతో కప్పునూ కొట్టి చూస్తారు. గట్టిగా మోగితే మంచిది, గుల్లగా మోగితే కాదు. రెండూ చూసి, మనుషులను దింపాలా వద్దా తేల్చే సర్దార్‌కు చెప్పడం రాజలింగు పని.

"ఆ జాగల కప్పు నుంచి నీళ్లు కారుతుండె. నేను ఎండుకట్టె చీల కొట్టిన. తడిజాగల నానవెట్టిన కట్టె కొట్టాలె, అది నాకు ఎరుకే. ఆ దినం నానింది దొరకలే, ఉన్నది కొట్టిన." ఆయన ఆగాడు. "నీళ్లు తాగి ఉబ్బింది చీల. పగులు పెరిగినకొద్ది అది సుత పెరిగింది. మూడో దినం తట్టి చూస్తె కదల్లే. కర్రతోని కొడితె కప్పు గుల్లగ మోగింది."

"సర్దార్‌కు ఏం చెప్పినవ్?"

"చీల బిగువుగుందని చెప్పిన. గుల్ల సంగతి చెప్పలే. రెండు చెప్పాలె, ఒక్కటే చెప్పిన. బొగ్గుబండ్లు నిండాలె, అందరు తయారున్నరు, చీల మంచిగనే ఉన్నది అనుకున్న."

ఆయన చూపు ముందు సీట్ల వైపు పోయి వెంటనే వెనక్కి వచ్చింది. ఆ చూపుతో నర్మదకు మిగతాదంతా అర్థమైంది. రాజయ్య పోయింది ఆ కప్పు కిందనే.

"పెద్దవ్వకు తెల్సా?"

"తెల్వదు. ఏ గుర్తు చూపకుండనే కప్పు కూలిందని రాసిండ్రు కాయితాల మీద. నేను కాదనలే."

పదమూడేండ్ల నుంచి ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. అడిగిన తీరులో కోపం ఉంది. తన తండ్రి మీద ఇంత కోపం వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. రాజలింగు ముందు సీటు కడ్డీ పట్టుకుని, దినాలు అయినంక చెప్తామనుకున్నానని, తర్వాత ఆమెకు నౌకరీ వచ్చినంక అనుకున్నానని, ఆ తర్వాత ఎట్ల చెప్పాలో తెల్వలేదని అన్నాడు.

నర్మద ఇంకొక్కటే అడిగింది. "రెండు చెప్తే సర్దార్ ఏం చేస్తుండె?"

"తెల్వదని రాస్తుండె."

"తెల్వదని రాస్తే?"

"తెల్వదంటే ఆ జాగల మనిషిని దింపరు. బాగుందంటెనే దింపుతరు."

ముందు సీట్లోంచి కనకవ్వ లేచి వచ్చి, పల్లీలు కావాలా అని చెయ్యి చాపింది. రాజలింగు రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు. తినలేదు.

కాలేజీలో ప్రిన్సిపాల్ గదిని దామోదర్‌రావుకు అప్పగించారు. సంస్థలో మంచు విభాగానికి ఆయనే పెద్ద. మెట్‌పల్లి దగ్గర పొలాలూ పెద్ద ఇల్లూ ఉన్న కుటుంబం. నర్మదను ఓడెక్కించడానికి ఢిల్లీలో ఎంతమందితో పోట్లాడాడో ఆమెకు తెలుసు. బాయి పని చేసినవాడి కూతురు, అందులోనూ ఆడపిల్ల, మంచు మీద ఏం చేస్తుందని నవ్వినవాళ్లకు ఆమె నివేదికే జవాబని అందరితో చెప్పుకునేవాడు. అలాంటి మనిషి ముందు ఫొటో పెట్టి, తాళంచెవి కట్టిన దారం పెట్టి, నర్మద మొత్తం చెప్పింది.

ఆయన చూశాడు. మంచి శాస్త్రవేత్త కాబట్టి రెండోసారి చూడాల్సిన పని లేకపోయింది.

"తప్పు ఎంత?"

"తెలియదు సార్. నాలుగు వేళ్లూ కావచ్చు, ఒక్క వేలే కావచ్చు."

"అయితే ఇవాళ ఏం మాట్లాడకు."

ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. కోప్పడలేదు. మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. నివేదికలో తప్పుందన్న మాట బయటికి పోతే ఈసారి ఓడను మళ్లీ అదే అంచుకు కడతారు. చుట్టు తిరిగే దారికి నాలుగు రోజులు ఎక్కువ. ఆ నాలుగు రోజుల కోసం ఎప్పటి నుంచో సణుగుతున్నవాళ్లున్నారు. నువ్వు విన్న ఉరుములు నిజమైతే, ఆ పగులు నిజంగానే తెగితే, దాని మీద ఆరుగురు మనుషులు, రెండు బండ్లు ఉంటాయి.

"నీ మనసు తేలిక చేసుకునుడు కోసం వాళ్లను అక్కడ నిలబెడుతవా, నర్మదా?"

బస్సులో కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. ఆయన చెప్పేది స్వార్థం కాదు. నిజంగానే ఆరుగురు మనుషులు. నోరు మూసుకుంటే ఓడలో చోటు దక్కుతుంది, వాళ్ల ప్రాణాలూ దక్కుతాయి. ఇంత సులువైన దారి ఉండగా కాళ్లు అటు ఎందుకు పోవడం లేదో ఆమెకే అర్థం కాలేదు. కిటికీ దగ్గరికి పోయింది, మళ్లీ వచ్చింది. బయట ఆవరణలో రాజలింగు వేపచెట్టు నీడన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. పల్లీలు ఇంకా గుప్పిట్లోనే ఉన్నట్టున్నాయి.

"నివేదిక వెనక్కి తీసుకోను సార్," అంది చివరికి. "పగులు ఆగిందని రాయను, పెరిగిందని రాయను. తెలియదని రాస్తా. తెలియని చోట మనిషిని దింపొద్దని రాస్తా. కర్రలు ఎట్ల వంగినయో రాస్తా, చెవులతోని విన్నది రాస్తా. రెండూ రాస్తా."

దామోదర్‌రావు కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆయన ఒక్కసారిగా ముసలివాడైనట్టు కనిపించాడు.

"తెలియదని రాసేవాళ్లను నాయకులు చేసి పంపరమ్మా. నీ పేరు నేను కొట్టెయ్యను. వాళ్లే కొట్టేస్తరు."

"తెలుసు సార్," అంది నర్మద. ఓడ డెక్కు మీద మొదటిసారి మంచు అంచు చూసిన పొద్దు గుర్తొచ్చింది. మళ్లీ చూడకపోవచ్చు అనుకునేసరికి ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

హాలు నిండింది. ముందు వరుసలో కనకవ్వ, నాగవ్వ కూర్చున్నారు, కనకవ్వ పక్కన ఒక కుర్చీ ఖాళీ. రాజలింగు వెనక ఎక్కడో కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ నర్మదను ఆకాశానికెత్తాడు. దామోదర్‌రావు నాలుగు ముక్కలు పొడిగా చెప్పి కూర్చున్నాడు. తర్వాత నర్మద మైకు ముందుకు వచ్చింది.

మంచు అరుగు గురించి చెప్పింది, పగులు గురించి చెప్పింది. విద్యార్థులు నోళ్లు తెరుచుకుని విన్నారు. అప్పుడు నల్లగుడ్డ సంగతి చెప్పింది.

"మీరు నాకు దండ వేస్తున్నది ఒక కొలత కోసం. ఆ కొలత తప్పుగా తీశాను. కర్రలు వంగిన సంగతి చూసుకోలేదు. నిన్న మా బాపు చూసి చెప్పాడు. ఆ పగులు పెరిగిందో లేదో ఇప్పుడు నాకు తెలియదు. తెలియదని తేలేదాకా... కాదు, తెలిసేదాకా ఎవరూ దాని మీద కాలు పెట్టవద్దని రాయబోతున్నాను."

కొన్ని చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, శాస్త్రజ్ఞుల నిజాయితీ అంటూ ఏదో అందుకున్నాడు. నర్మద వినలేదు. ఆమె హాలు వైపే చూస్తోంది.

రాజలింగు లేచాడు. గోడ వెంట నడుచుకుంటూ ముందు వరుసకు వచ్చి, కనకవ్వ పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. కనకవ్వ తల తిప్పి నవ్వింది, బిడ్డ మాటలకు ఆయన చిన్నబోయాడనుకుని ఓదార్చబోయినట్టుంది. ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు.

వేదిక మీదికి ఒక్క మాటా వినపడలేదు. కానీ ఆ చేతుల భాష నర్మద చిన్నప్పటి నుంచి ఎరిగినదే. ఎడమ అరచెయ్యి బోర్లించి పైకెత్తాడు, అది కప్పు. కుడి చేతి వేళ్లు దగ్గర చేర్చి కింది నుంచి ఆనించాడు, అది చీల. వేళ్లు మెల్లగా విప్పాడు, నీళ్లు తాగి ఉబ్బినట్టు. తర్వాత కర్రతో కొట్టినట్టు రెండుసార్లు గాలిలో పొడిచాడు. తర్వాత చేతులు ఒళ్లో పడిపోయాయి.

కనకవ్వ నవ్వు అలాగే ఉండి, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది.

ఎవరో ఆమెను దండ వేయమని పిలిచారు. ఆమె లేచి మెట్లెక్కి వచ్చింది. నర్మద తల వంచింది. మెడకు తగిలిన వేళ్లు చల్లగా ఉన్నాయి. పెద్దవ్వా అని పిలిచింది నర్మద. కనకవ్వ ఆమె చెంప మీద చెయ్యి వేసి, తీసి, దిగిపోయింది.

బస్టాండు చేరేసరికి బాగా పొద్దుపోయింది, రద్దీ తగ్గింది. గోదావరిఖని బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగింది. కనకవ్వ అందరికంటే ముందెక్కి కిటికీ పక్కన కూర్చుంది. నాగవ్వ ఏమైందక్కా, తలకాయ నొస్తుందా అని మూడుసార్లు అడిగి, జవాబు రాక, పరేషాన్‌గా వెళ్లి ఆమె వెనక సీట్లో కూర్చుంది.

రాజలింగు ప్లాట్‌ఫారం స్తంభం దగ్గరే ఉండిపోయాడు. బస్సు వైపు రాలేదు. కాలేజీలో మెట్ల మీద ఒక్కసారే నర్మద దగ్గరికి వచ్చి, మంచి పని చేసినవ్ బిడ్డా అన్నాడు. ఆయన మొహం చూస్తే నర్మదకు పొద్దుటి కోపం రాలేదు.

నర్మద మెట్టు మీద కాలు పెట్టింది. కిటికీలోంచి కనకవ్వ పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది.

"బిడ్డా, నువ్వు ఎక్కి నా పక్కన కూసో. మీ బాపును వెనక బస్సుల రమ్మను."

నర్మద తండ్రి వైపు చూసింది. ఆయనకు ఆ మాట వినపడింది. తల దించుకున్నాడు.

"వెనక బస్సు లేదు పెద్దవ్వా. ఖనికి ఇదే ఆఖరిది."

"నాకెరుకే," అంది కనకవ్వ.

కండక్టర్ విజిల్ వేసి, ఎక్కేదుంటే ఎక్కండమ్మా అని గదమాయించాడు. ఇంజను స్టార్టయి బస్సు వణికింది. నర్మద ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉంది.